చెవితో కొనకండి

మూలన పడ్డ పాత మోటార్‌సైకిల్ కొని, సొంత చేతులతో విప్పి, బాగుచేసి మళ్లీ రోడ్డెక్కించాలని మొదటిసారి బయల్దేరేవాళ్ల కోసం

పాత బండ్లు అమ్మేవాళ్లకు కొనేవాళ్ల సంగతి బాగా తెలుసు. వచ్చినవాడు ముందు చెవి పెడతాడు. అందుకే మనం వెళ్లేసరికి బండిని షెడ్డులోంచి బయటికి తీసి, దుమ్ము దులిపి, ప్లగ్గు గీకి, ఇంజన్ని ఓసారి వేడెక్కించి ఉంచుతారు. మన కళ్లముందు ఒక్క కిక్కుకే అందుకుంటుంది. ఆ మోత వినగానే చిన్నప్పుడు వీధి మలుపులో విన్న బండేదో గుర్తొస్తుంది. "ఇంజన్ మీద చెయ్యి పడలేదు తమ్ముడూ, కంపెనీ బోరు మీదే ఉంది" అని అమ్మేవాడు ఒక మాట కలుపుతాడు. ఇక మనకు బేరమాడే ఓపిక ఉండదు. అడిగినంతా ఇచ్చి తెచ్చుకుంటాం.

బాగుచేసుకోవడానికని కొనే మొదటి బండిలో ఇంజన్ అన్నిటికన్నా చివర చూడాల్సిన వస్తువు. ఇది గట్టిగా చెప్పడానికే ఈ వ్యాసం. ముందు కాగితం చూడాలి. తర్వాత బండి ఒళ్లు చూడాలి: ఏ సామాను అసలుది, ఏది కాపీ, ఏది లేనేలేదు. ఆ రెండూ తేలాకే కిక్కు మీద కాలు పెట్టాలి. ఇంజన్ ఎంత పాడైనా, ఊళ్లో ఒక మంచి లేత్ షాపు ఉన్నంతకాలం బాగవుతుంది. బోరు కొట్టించుకోవచ్చు, కనెక్టింగ్ రాడ్డు మార్చుకోవచ్చు, బేరింగులు, ఆయిల్ సీళ్లు కొత్తవి వేయించుకోవచ్చు. పోయిన సీ బుక్కునూ, గీకేసిన చాసిస్ నంబరునూ ఎంత చెయ్యి తిరిగిన మెకానిక్ అయినా చేసిపెట్టలేడు.

1996లో ఆగిన రెండు బండ్లు

ఈ మోజు ఎక్కడ మొదలైందో తెలిస్తే ధరలు ఎందుకిలా ఉన్నాయో అర్థమవుతుంది. 1980ల నడిమి కాలంలో జపాన్ కంపెనీలు మన కంపెనీలతో చేతులు కలిపి 100 సీసీ బండ్లు తెచ్చాయి. 1984లో ఇండ్-సుజుకి ఏఎక్స్ 100, 1985లో హీరో హోండా సీడీ 100, అదే ఏడు చివర్లో ఎస్కార్ట్స్ తయారుచేసిన యమహా ఆర్‌ఎక్స్ 100, ఆ తర్వాత కవాసాకి బజాజ్ కేబీ 100 వచ్చాయి. వీటిలో ఆర్‌ఎక్స్ 100 కుర్రకారు గుండెల్లో పాతుకుపోయింది. నూరు కిలోలకు కాస్త పైన బరువు, 98 సీసీ ఇంజన్, 11 హార్స్‌పవర్. లెక్కల్లో చిన్నదే. యాక్సిలరేటర్ తిప్పితే ముందు చక్రం తేలిపోయే ఆ దూకుడు మాత్రం అప్పటి 100 సీసీ బండ్లలో మరొకదానికి లేదు. 1996లో దాని తయారీ ఆగిపోయింది.

అదే 1996లో మైసూరులో ఐడియల్ జావా ఫ్యాక్టరీ మూతపడింది. 1961 నుంచి జావా బండ్లను, 1973 నుంచి యెజ్డీ పేరుతో వచ్చిన బండ్లను చేసిన ఫ్యాక్టరీ అది. పల్లెటూళ్లలో పాల క్యాన్లు కట్టుకుని తిరిగిన యెజ్డీలు, గోధుమ బస్తాలు మోసిన రాజ్‌దూత్‌లు, డాక్టర్ల జావాలు ఒక తరం కళ్లముందే కొట్టాల్లోకి చేరాయి.

ఈ టూస్ట్రోక్ బండ్లు ఆగిపోవడానికి సరైన కారణమే ఉంది. టూస్ట్రోక్ ఇంజన్ హెడ్డులో వాల్వులు ఉండవు, సిలిండర్ గోడలో పోర్టులు ఉంటాయి. పిస్టన్ కిందికి దిగినప్పుడు పొగ బయటికి పోయే దారి, పెట్రోలు కలిసిన గాలి లోపలికి వచ్చే దారి కొంతసేపు రెండూ తెరిచే ఉంటాయి. లోపలికొచ్చిన పెట్రోల్లో కొంత కాలకుండానే సైలెన్సర్‌లోకి జారిపోతుంది. దానితోపాటు కాలిన ఆయిల్ పొగ. టూవీలర్ కిలోమీటరుకు 4.5 గ్రాముల దాకా కార్బన్ మోనాక్సైడ్ వదలొచ్చన్న 1996 నాటి పరిమితి 2000 నాటికి 2 గ్రాములకు దిగింది. అప్పటి టూస్ట్రోక్ అక్కడ నిలవడం కష్టం. నగరం గాలికి ఆ నిర్ణయం మేలు చేసింది. టూస్ట్రోక్‌ని ప్రాణంగా చూసుకునేవాళ్లు కూడా ఈ మాట ఒప్పుకోవాలి. ఒప్పుకున్నవాళ్లే దాన్ని ఇంజన్ ట్యూనింగ్ సరిగ్గా ఉంచి, ఆయిల్ పాళ్లు సరిగ్గా కలిపి, ఆదివారం బండిగా నడుపుతారు.

2018లో బండి పేరే సినిమా పేరుగా 'ఆర్‌ఎక్స్ 100' తెలుగులో వచ్చింది. గోదావరి గట్ల మీద ఆ బండిని చూసిన కుర్రాళ్లు అది పుట్టేనాటికి పుట్టి కూడా ఉండరు. ఇప్పుడు మంచి కాగితాలున్న ఆర్‌ఎక్స్ 100కు లక్ష దాటిన ధర చెప్పడం మామూలైపోయింది. ఇంజన్ నంబరు 1ఎల్1తో మొదలైతే ఇంకాస్త మోజు. ధర పెరిగిన చోట దొంగ నంబర్లు పెరుగుతాయి. ఆర్‌ఎక్స్ 135 ఇంజన్ తగిలించిన బండ్లు, రెండు బండ్లు కలిపి కుట్టిన బండ్లు ఈ ధరల వెనకే వచ్చాయి.

అందుకని మొదటి బండిగా ఆర్‌ఎక్స్ 100 వద్దంటాను. నా ఓటు సీడీ 100కు, లేదా 1994లో వచ్చిన స్ప్లెండర్‌కు. పేరు వినగానే కొందరి మొహం చిన్నబోతుందని తెలుసు. 97.2 సీసీ ఆ చిన్న ఫోర్‌స్ట్రోక్ ఇంజన్ నేర్చుకునేవాడికి దొరికిన వరం. ట్యాపెట్ గ్యాప్ ఎలా పెట్టాలి, టైమింగ్ చైన్ మార్కులు ఎలా కలపాలి, వాల్వు సీటింగ్ ఎలా రుద్దాలి అన్నీ అందులో ఉన్నాయి. చేతిలో పగిలిన సామాను మండల కేంద్రంలోనే దొరుకుతుంది, ఖర్చు జేబును కోయదు. ఒక గ్యాస్కెట్ చెడిపోయిందని నెల రోజులు ఢిల్లీ కరోల్‌బాగ్ వైపు చూస్తూ కూర్చోనక్కర్లేదు. మొదటి బండి పూర్తయితేనే రెండోది ఉంటుంది. సామాను కోసం ఆగిపోయిన మొదటి బండి చాలామందికి చివరి బండి అవుతుంది.

బరువు మోయగలిగి, ఓపిక ఉన్నవాళ్లకు పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్ 350 ఇంకా మంచి గురువు. ఇంజన్ వేరు, గేర్‌బాక్సు వేరు, మధ్యలో ప్రైమరీ చైన్. ఏది ఏం చేస్తుందో కంటికి కనబడుతుంది. కుడికాలి కింద గేరు. స్టార్ట్ చేయడమే ఒక పాఠం: యాంపియర్ మీటరు ముల్లు మధ్యకు వచ్చేదాకా కిక్కు మెల్లగా నొక్కాలి, డీకంప్రెసర్ పట్టుకుని పిస్టన్ని పైఅంచు దాటించాలి, అప్పుడు ఒక్క తొక్కు. పాయింట్లు విడిపోయే చోట ముల్లు మధ్యకు వస్తుందని తెలిసిన రోజున ఇగ్నిషన్ అంటే ఏమిటో సగం తెలిసినట్టే. 1955లో మద్రాసులో మొదలై దశాబ్దాలపాటు పెద్దగా మారని ఇంజన్ కావడంతో సామానుకూ కొరత లేదు.

యెజ్డీ రెండో బండిగా బాగుంటుంది. కిక్కు రాడ్డే గేరు రాడ్డయ్యే ఆ విడ్డూరాన్ని, ఒకే సిలిండర్‌కు రెండు సైలెన్సర్లను ప్రేమించేవాళ్లు ఊరూరా ఉన్నారు. ఏటా జూలై రెండో ఆదివారం జావా, యెజ్డీ యజమానులంతా బండ్లు బయటికి తీస్తారు. ఆ రోజు వెళ్లి నిలబడితే చాలు, ఏ సామాను ఎవరి దగ్గరుందో తెలిసిపోతుంది. ఇక రాజ్‌దూత్ 350. 1983లో యమహా ఆర్‌డీ 350 నమూనాగా వచ్చిన ఆ రెండు సిలిండర్ల, ఆరు గేర్ల బండి దగ్గరికి మొదటిసారే వెళ్లకండి. రెండు కార్బొరేటర్లు ఒక మాట మీద ఉండాలి, రెండు పిస్టన్లు ఒక తీరున అరగాలి. అందులో ఒక్క పొరపాటుకు అయ్యే ఖర్చుతో ఒక సీడీ 100 వస్తుంది.

ముందు కాగితం

సీ బుక్కు చేతిలోకి తీసుకున్నాక చూడాల్సింది పేరు. అమ్ముతున్న మనిషి పేరు, పుస్తకంలోని పేరు ఒకటేనా? చాలా పాత బండ్లలో ఒకటి కాదు. మొదటి యజమాని ఎవరికో సంతకం పెట్టిన ఫారాలిచ్చి అమ్మాడు, అతను ఇంకొకరికి, వాళ్లు మరొకరికి. నలుగురు చేతులు మారినా పుస్తకంలో మొదటాయన పేరే ఉంటుంది. ఆయన ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. కేంద్ర మోటారు వాహనాల చట్టం ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లో అమ్మినవారు తెలియజేయాలి, కొన్నవారు 30 రోజుల్లో తమ పేరుకు మార్పించుకోవాలి. ఫారం 29, ఫారం 30 అందుకే. బండి మీద ఎప్పుడో తీసుకున్న అప్పు నమోదై ఉంటే ఫారం 35 కూడా కావాలి. అమ్మేవాళ్లకు కూడా ఇది అవసరమేనని చెప్పండి. పేరు మారకుండా ఉన్న బండి ప్రమాదం చేస్తే రిజిస్టర్లో పేరున్న యజమానిదే బాధ్యత అని సుప్రీంకోర్టు 2018లో స్పష్టంగా చెప్పింది. ఈ మాట వింటే "చూద్దాంలే బాబూ" అనేవాళ్లు కూడా ఆర్టీవో ఆఫీసుకు కదులుతారు.

యజమాని చనిపోయి ఉంటే వారసులు ఫారం 31 ద్వారా ముందు తమ పేరుకు మార్చుకుని, తర్వాత అమ్మాలి. ఊళ్లో ఉన్న కొడుకులూ కూతుళ్లూ కలిసి సంతకాలు పెడితే జరిగే పని. మొదటి ప్రాజెక్టుకు అన్నిటికన్నా మంచి బండి తరచూ మేనమామ ఇంటి వెనకో, తాతగారి గొడ్ల కొట్టంలోనో ఎందుకుంటుందంటే ఇందుకే. ఆ బండి పుట్టుక, ప్రమాదాలు, ఎవరు బోరు కొట్టించారు, ఎప్పుడు నిలిచిపోయింది అన్నీ ఇంట్లోనే తెలుస్తాయి. సంతకం పెట్టాల్సినవాళ్లు పండక్కి ఒకచోట చేరతారు. బజార్లో వెతికే ముందు బంధువుల ఇళ్లు ఒకసారి తిరిగి రండి.

నంబర్ ప్లేటు కూడా కథ చెబుతుంది. 1989కి ముందు రిజిస్టరైన మన బండ్లకు మూడక్షరాల నంబర్లు ఉండేవి. ఆ తర్వాతే ఏపీ 09 హైదరాబాద్, ఏపీ 16 కృష్ణా, ఏపీ 31 విశాఖ అంటూ జిల్లా అంకెలు వచ్చాయి. 1987 బండి అని చెప్పి, ప్లేటు మీద జిల్లా అంకె ఉంటే మధ్యలో ఏం జరిగిందో అడగాలి. సరైన సమాధానం ఉండొచ్చు, అడగడం మాత్రం మానొద్దు. విజయవాడ బండిని హైదరాబాద్‌లో పేరు మార్పించాలంటే ఇప్పుడది వేరే రాష్ట్రపు బండి. అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28 నిరభ్యంతర పత్రం తేవాలి, ఇక్కడి పన్ను లెక్కా చూసుకోవాలి.

తర్వాత నంబర్లు. హ్యాండిల్ కింద హెడ్‌పైపు దగ్గర చాసిస్ నంబరు, ఇంజన్ కేసు మీద ఇంజన్ నంబరు ఉంటాయి. కిరసనాయిలు గుడ్డతో తుడిచి, పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దండి. అక్షరాలన్నీ ఒకే లోతున, ఒకే వరసలో పడ్డాయా? చుట్టూ గ్రైండర్ గీతలు, పుట్టీ, అక్కడ మాత్రమే కొత్త రంగు కనబడుతున్నాయా? రెండు నంబర్లూ సీ బుక్కుతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. ఇంజన్ మార్చి ఉంటే రవాణా శాఖ అనుమతి తీసుకుని, కొత్త నంబరు పుస్తకంలో ఎక్కించి ఉండాలి. లేకపోతే బండి ఎంత అందంగా ఉన్నా నమస్కారం పెట్టి రావడమే. పోలీసు వేలంలో కొన్నదంటే ఆ వేలం కాగితాలు, ఫారం 32 ఉన్నాయేమో చూడండి. తుక్కు కింద వేలమేసిన బండికి రోడ్డు మీదికి వచ్చే దారి ఉండదు.

సొంత బండికి మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆ తర్వాత ప్రతి ఐదేళ్లకూ ఫారం 25తో పొడిగించుకోవాలి. మోటార్‌సైకిల్‌కు ఈ రుసుము 2022 ఏప్రిల్ నుంచి 1,000 రూపాయలైంది. 20 ఏళ్లు దాటిన బండ్లకు 2025లో 2,000 చేశారు. వీటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది ఆలస్య రుసుము: గడువు దాటిన ప్రతి నెలకూ 300 రూపాయలు. ఏళ్ల తరబడి పొడిగించని బండికి ఈ లెక్క బండి ధరనే మించిపోవచ్చు. హరిత పన్ను అదనం. కొనకముందే నంబరు పట్టుకుని ఆర్టీవో ఆఫీసుకు వెళ్లి, బాకీ ఎంత, చలాన్లు ఎన్ని అని కనుక్కోండి. ఆ మొత్తాన్ని బేరంలో తగ్గించుకోండి.

"పాత బండి కదా, వింటేజ్ కింద రాయించుకోవచ్చు" అని ఎవరైనా అంటే నమ్మకండి. 2021 నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, పెద్ద మార్పులేవీ చేయని బండికే ఆ గుర్తింపు. 1985 నాటి మొట్టమొదటి ఆర్‌ఎక్స్ 100కైనా 2035 దాకా ఆగాలి. వింటేజ్ నంబరు వచ్చాక కూడా రోజూ రోడ్డు మీద తిప్పుకోవడానికి కుదరదు.

ఒళ్లు

కాగితం బాగుంటే ఇప్పుడు బండి చుట్టూ తిరగండి. పగటిపూటే వెళ్లాలి. రాత్రి ట్యూబ్‌లైటు కింద ప్రతి ట్యాంకూ మెరుస్తుంది.

పెద్ద సామాను అందరికీ కనబడుతుంది. డబ్బు తినేది చిన్న సామాను. సైడ్ ప్యానెళ్లు, వాటి రబ్బరు గుబ్బలు, ట్యాంకు మీద బ్యాడ్జి, మీటరు గ్లాసు, టూల్‌బాక్సు మూత, చైన్ కవరు, ఇంజన్ని ఫ్రేముకు పట్టి ఉంచే అసలు బోల్టులు. ఒక్కొక్కటిగా కొంటూ పోతే ఇవన్నీ కలిసి ఇంజన్ పనికన్నా ఎక్కువవుతాయి. పైగా అసలువి దొరకవు. హైదరాబాద్ పుత్లీబౌలిలో, రాణిగంజ్‌లో, విజయవాడ ఆటోనగర్‌లో కాపీ సామాను కావలసినంత ఉంది. బిగించబోతే రంధ్రం ఒక అరంగుళం పక్కకు ఉంటుంది. పాత స్టాకు అసలు సామాను మూల అరలో పెట్టుకున్న పెద్దాయన ఏ దుకాణంలో ఉన్నాడో తెలుసుకోవడానికి నెలలు పడుతుంది. అలాంటి మనిషి దొరికితే పోగొట్టుకోకండి. పనిముట్ల కోసమైతే ఎర్రగడ్డ ఆదివారం సంతలో ఒక పూట తిరిగినా బాగుంటుంది.

లేని సామానులో ఒకదాన్ని మాత్రం అందరూ తేలిగ్గా తీసుకుంటారు, అది ఎయిర్ ఫిల్టర్ బాక్సు. దాన్ని తీసేసి కార్బొరేటర్ మూతికి చిన్న ఫిల్టర్ తగిలించిన బండ్లు చాలా ఉన్నాయి. కంపెనీ పెట్టిన జెట్టు ఆ బాక్సులోంచి వచ్చే గాలిని లెక్కలో పెట్టుకుని పెట్టినది. బాక్సు పోతే గాలి పెరుగుతుంది, పెట్రోలు పాళ్లు తగ్గుతాయి, ఇంజన్ వేడెక్కుతుంది. టూస్ట్రోక్‌లో అయితే పిస్టన్ పట్టేయడానికి అదే మొదటి మెట్టు.

ట్యాంకు మూత తీసి టార్చి వేసి చూడండి. పైపైన ఎర్రటి పొర అయితే శుభ్రం చేసుకోవచ్చు. పెచ్చులు పెచ్చులుగా ఉంటే అడుగున సూదిబెజ్జాలు పడి ఉంటాయి, పైన కొట్టిన రంగే వాటిని కప్పి ఉంచుతుంది. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ ఉంది. అది గాలిలోని తేమను పట్టుకుంటుంది, పాత రబ్బరును మెత్తబరుస్తుంది. పాత బండి కొన్నాక పెట్రోల్ పైపు, కాక్ వాషర్లు, కార్బొరేటర్ ఓ-రింగులు కొత్తవి వేయాల్సిందే. నెలల తరబడి నిలపాల్సి వస్తే కార్బొరేటర్ని ఖాళీ చేసి పెట్టాలి.

పది అడుగుల దూరంలో ముందు నిలబడి రెండు చక్రాలూ ఒక గీతలో ఉన్నాయా చూడండి. సెంటర్ స్టాండు వేసి, ముందు చక్రం గాల్లోకి లేపి, హ్యాండిల్‌ను మెల్లగా ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పండి. నడుమ ఎక్కడో టక్కున ఆగినట్టుంటే కోన్‌సెట్ పోయింది. అది చవకైన పని. హెడ్‌పైపు దగ్గరగానీ ఫుట్‌రెస్ట్ దగ్గరగానీ కొత్త వెల్డింగ్ కనబడితే మాత్రం ఫ్రేము ఎప్పుడో గట్టి దెబ్బ తిన్నదని అర్థం. మొదటిసారి కొనేవాళ్లు అలాంటి బండి జోలికి పోవద్దు. టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది: 2319 అంటే 2019లో 23వ వారం. పళ్లు ఎంత లోతుగా ఉన్నా, పదేళ్లు దాటి గట్టిపడ్డ టైరు తడి రోడ్డు మీద పట్టదు.

అప్పుడు కిక్కు

ఇప్పుడు ఇంజన్. కిక్కు కొట్టే ముందే చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉందంటే మనం రాకముందే స్టార్ట్ చేశారు. మొహమాటపడకుండా "టీ తాగొద్దాం అన్నా, ఈలోగా చల్లారుతుంది" అనండి. పాత ఇంజన్ జబ్బులన్నీ చల్లగా ఉన్నప్పుడే బయటపడతాయి.

కిక్కు రాడ్డును కాలితో కాకుండా చేత్తో మెల్లగా నొక్కండి. ఒక చోట గట్టిగా అడ్డుపడి, ఒత్తితే బుస్సుమని దాటాలి. అడ్డే లేకపోతే రింగులు, బోరు అరిగాయి. ప్లగ్గు విప్పి రంగు చూడండి: బిస్కెట్ రంగు మంచిది, తెల్లగా ఉంటే పెట్రోలు తక్కువ, తడి నలుపు అయితే ఆయిల్ ఎక్కువ. స్టార్టయ్యాక పొగ. టూస్ట్రోక్ బండి చల్లగా ఉన్నప్పుడు నీలం పొగ వదలడం సహజమే. వేడెక్కాక కూడా మేఘంలా వస్తూ, గేర్‌బాక్సులో ఆయిల్ తగ్గుతూ ఉంటే, క్రాంకు క్లచ్ వైపు సీలు పోయి గేర్ ఆయిల్ లోపలికి పీలుస్తోంది. మ్యాగ్నెట్ వైపు సీలు పోతే ఇంకా ప్రమాదం. గాలి దొంగదారిన లోపలికొచ్చి, యాక్సిలరేటర్ వదిలినా ఇంజన్ దానంతటదే అరుస్తూ ఉంటుంది. ఫోర్‌స్ట్రోక్ బండి నీలం పొగ వదిలితే మాత్రం ఎప్పుడైనా జబ్బే, రింగులో వాల్వు సీళ్లో చూడాలి. ఆయిల్ ట్యాంకు వేరుగా ఉండే టూస్ట్రోక్ బండి అయితే పంపు పనిచేస్తోందా, తీసేసి పెట్రోల్లో ఆయిల్ కలుపుతున్నారా అన్నది తప్పకుండా అడగాలి. ఆ ఒక్క ప్రశ్న అడగనందుకు ఇంటికి చేరకముందే పట్టేసిన ఇంజన్లు ఉన్నాయి.

ఇంత చూశాక కూడా లోపల ఏముందో విప్పితే తప్ప తెలియదు. అందుకని ఇంజన్ ఎంత బాగా మోగినా, ఫుల్ ఇంజన్ పని ఉందనుకునే ధర కట్టండి. పక్కూళ్లో జామైన ఇంజన్‌తో, అన్ని సామాన్లతో, ఒకే యజమాని పేరుతో ఓ బండి ఉందనుకోండి. ఇక్కడ తియ్యగా మోగే ఇంజన్‌తో, సైడ్ ప్యానెళ్లు లేకుండా, మూడు చేతులు మారిన ఫారాలతో ఇంకో బండి ఉంది. మొదటిదే కొనండి. జామైన ఇంజన్ని చూసి మిగతావాళ్లు వెనక్కిపోతారు, ధర దిగుతుంది. ఎలాగూ మీరు విప్పడానికే కదా కొంటున్నారు.

విప్పడం

ఇంటికి తెచ్చిన రోజే మొత్తం ఊడదీయాలనిపిస్తుంది. అలా ఊడదీసిన బండ్లే చాలావరకు సంచుల్లో తుక్కుకు పోతాయి. ముందు బ్రేకులు. ఏళ్లు నిలిచిన బండిలో బ్రేక్ షూ లైనింగ్ అంటు వదిలి ఉంటుంది, పైకి బాగానే కనబడి ఒక్క నొక్కుకు డ్రమ్ములో ఊడి చక్రాన్ని పట్టేస్తుంది. ఆర్‌ఎక్స్ 100 లాంటి దూకుడు బండికి కూడా రెండు చక్రాలకూ డ్రమ్ములే. ఆపే శక్తి సరిచేయకుండా పరిగెత్తే శక్తి జోలికి పోవద్దు. తర్వాత టైర్లు, కేబుళ్లు, వైరింగ్. తర్వాతే ఇంజన్. రంగు అన్నిటికన్నా చివర. ముందే రంగు కొట్టించినవాడు ఇంజన్ ఎక్కించేటప్పుడు ఆ రంగుకు గీత పడుతుందని చెయ్యి వణుకుతూ పని చేస్తాడు.

జపాన్ బండ్ల ఇంజన్ కవర్ల మీది ప్లస్ స్క్రూలు మామూలు స్క్రూడ్రైవర్‌కు సరిగా కూర్చోవు. మొన అంచు తేడా వల్ల జారి తలలు అరిగిపోతాయి. జపాన్ కొలత బిట్టు, సుత్తితో కొట్టే ఇంపాక్ట్ స్క్రూడ్రైవర్, మ్యాగ్నెట్ పుల్లర్, టార్క్ రెంచి, ఫీలర్ గేజి కొనుక్కోవడానికి బండి ధరలోంచి ముందే కొంత పక్కన పెట్టండి. విప్పే ప్రతిదానికీ ముందు ఫోను ఫొటో, తర్వాత పేరు రాసిన కవరు.

బోరుకు ఇచ్చేటప్పుడు కొత్త పిస్టన్ కూడా లేత్ షాపుకు ఇవ్వాలి. 0.25, 0.50 అని సైజు మాత్రం చెప్పి వదలొద్దు. ఆ పిస్టన్ని కొలిచి, దానికి తగిన సందు ఉంచి బోరు కొట్టాలి. టూస్ట్రోక్ సిలిండర్ అయితే పోర్టుల అంచులు నునుపు చేయమని చెప్పాలి, లేకపోతే రింగులు తగిలి విరుగుతాయి. పిస్టన్ తల మీది బాణం సైలెన్సర్ వైపు, రింగు కొసలు పిన్ను దగ్గర. సర్కిలిప్పులు పాతవి మళ్లీ వాడొద్దు. ఇవన్నీ పుస్తకంలో ఉండేవే. ఎంత బిగిస్తే చాలో, ఏ మోత సహజమో, ఏది కాదో చేతికి తెలియాలంటే మాత్రం మనిషి కావాలి. హైదరాబాద్‌లో ఉస్తాద్ అంటారు, కోస్తాలో మేస్త్రీ అంటారు. పాయింట్ గ్యాప్ కంటితో పెట్టగల ఆ తరం ఇప్పుడు అరవై దాటింది. వాళ్ల పక్కన కూర్చునే కుర్రాళ్లు తగ్గిపోయారు. వెళ్లి, "ఉస్తాద్, పని నేనే చేసుకుంటాను, పక్కన ఉండి చూపించండి, మీ కూలీ మీకిస్తాను" అని అడగండి. ఆ కూలీ దగ్గర బేరమాడొద్దు. మన ఊళ్ల బండ్లన్నీ నడిపించిన విద్య అది, ఎక్కడా రాసి పెట్టలేదు.

ఒక్క పని మాత్రం చేయకండి. సైలెన్సర్ లోపలి జాలీ తీసేసి మోత పెంచొద్దు. విశాఖలో పోలీసులు అలాంటి సైలెన్సర్లను రోడ్డు రోలర్ కింద తొక్కించారు. కంపెనీ రూపం నుంచి బండిని ఇష్టం వచ్చినట్టు మార్చడం చట్టం ఒప్పదని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. పైగా టూస్ట్రోక్‌లో సైలెన్సర్ ఇంజన్లో భాగమే. లోపలి ఆకారమే బయటికి జారిన పెట్రోల్ని కొంత వెనక్కి నెడుతుంది. దాన్ని కోస్తే మోత పెరిగి, బలం తగ్గుతుంది.

కాగితాలు, ఇన్సూరెన్స్, పొగ సర్టిఫికెట్ పూర్తయి, ఇన్‌స్పెక్టర్ ముందు చాసిస్ నంబరు చూపించి వచ్చాక మొదటి 500 కిలోమీటర్లు కొత్త బోరు అలవాటుపడే దూరం. వెనక ఎవరినీ ఎక్కించుకోకండి. యాక్సిలరేటర్ సగం దాటనివ్వకండి, అలాగని ఒకే వేగంలోనూ పోకండి. పది పన్నెండు కిలోమీటర్లకోసారి ఆగి చల్లారనివ్వండి. టూస్ట్రోక్ అయితే ఆయిల్ కాస్త ఎక్కువే కలపండి. మొదటి రోజు తిరిగొచ్చాక, మర్నాడు పొద్దున ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు హెడ్డు నట్లు అడ్డగా, ఒకదానికెదురు ఒకటిగా, టార్క్ రెంచితో మళ్లీ బిగించండి. గేర్‌బాక్సు ఆయిల్‌ను మొదటి 500 కిలోమీటర్లకే దించి, గుడ్డలో వడకట్టి చూడండి. ఇనుప రజను సన్నగా కనబడితే భయపడక్కర్లేదు. ముక్కలు కనబడితే మాత్రం కాలు కిక్కు మీద వేయకుండా బండిని మళ్లీ స్టాండు మీద పెట్టి, క్లచ్ కవరు విప్పండి.